పాచిక మీద ఒకటి పడితే ఏమందాం?

గుంపులో పెద్దలందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఆదివారాలు మా మేడ మీద ఐదుగురు పిల్లలు చేరి సూపర్ హీరోల రోల్ ప్లేయింగ్ ఆట ఆడతారు. ఆట పేరు మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్. కథ నడిపేది నేను. ఎవరి హీరో ఏం చేయబోతున్నాడో నోటితో చెప్పి, 20 ముఖాల పాచిక వేస్తారు. దాడికి వేసినప్పుడు ఒకటి పడిందా, ఎంత బలమున్నా దెబ్బ తగలదు. తలా పదిసార్లు వేస్తే సాయంత్రానికి రెండు మూడుసార్లు ఆ ఒకటి పడుతుందని లెక్క. క్రిటికల్ ఫెయిల్యూర్ అంటున్నాం. దానికి మన మాట కావాలి.

ఎందుకంటే, పోయిన వారం మా పిన్ని కూతురి హీరో బ్యాంకు దొంగల మీదికి మెరుపు వదిలింది. ఒకటి పడింది. పక్కనున్న ఒడియా కుర్రాడు "సొరిగొలా!" అన్నాడు, అయిపోయిందని. నేను "గురి తప్పింది, కాలు జారి బురదలో పడ్డావు" అన్నాను. అందరూ నవ్వారు. చెల్లి నవ్వలేదు. పాచిక నా వైపు తోసేసి, "మూడు నెలల నుంచీ ఊరిని కాపాడుతున్నాను, నాకు నిలబడ్డం కూడా రాదేటి?" అంది.

రాత్రంతా అదే ఆలోచించాను. "తప్పింది" అన్న మాటలోనే తప్పు ఉంది. అది నోట్లోంచి రాగానే మిగతా కథ కూడా దాని వెంటే పోయింది, తప్పంతా ఆ పిల్ల నెత్తిన పడింది.

నాకు తోచిన మాట: కలి. పాత జూదంలో పందేలకు నాలుగు పేర్లున్నాయి. కృతం, త్రేత, ద్వాపరం, కలి. నాలుగు, మూడు, రెండు, ఒకటి. యుగాలకున్నవీ ఆ పేర్లే. అన్నింటిలో చెడ్డ పందెం కలి. "కలి పడింది" అంటే ఎలా ఉంటుంది?

రాయగడ నుంచి ఒకరు: "ఘోర వైఫల్యం" సరిపోదా?

పర్లాకిమిడి: అర్థం సరిపోతుందండీ. కానీ అది వార్తలు చదివే మాట. పాచిక దొర్లి ఆగగానే ఎవరి నోటికీ రాదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, నోటికి రాని మాట పెట్టడానికి మనసొప్పదు.

బరంపురం నుంచి ఒకరు: మా ఇంట్లో కలి అంటే పులిసిన గంజే. కలి పడిందంటే కుండ ఒలికిందేమో అని మా అమ్మ లేచి వస్తుంది. హాయిగా "బెడిసికొట్టింది" అనండి.

పర్లాకిమిడి: మంచి మాట అక్కా, తీసుకుంటాను. కానీ బెడిసికొట్టడమంటే వేసిన ఎత్తు వేసినవాడి మీదికే తిరగడం. మెరుపు తిరిగి చెల్లికే తగిలితే ఆ మాట అతుకుతుంది. ప్రతి ఒకటికీ అతకదు.

గుణుపూర్ నుంచి ఒక మాస్టారు: బాబూ, నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలో నలుడి కథ మళ్ళీ చూడు. పాచికల్లో దూరినవాడు ద్వాపరుడు. కలి దూరింది నలుడిలో. చెల్లెలి లోపం కాదని చెప్పడానికి ఆ మాట ఎలా నిలుస్తుంది?

పర్లాకిమిడి: మాస్టారూ, నిజమే, నేను పందెం పేరు ఒక్కటే చూశాను. కానీ మీరు చెప్పాక ఆ మాట మీద ఇంకా ఇష్టం పెరిగింది. కలి లోపల ఉండగానే కదా నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలింది! రాజ్యం పోయింది, రూపం పోయింది, గుర్రాల విద్య మాత్రం చెక్కు చెదరలేదు. హీరోకి ఒకటి పడినప్పుడు నేను చెప్పాల్సిన కథ అదే. విద్య ఉంది, కాలం కలిసిరాలేదు.

ఆ ఘట్టం మళ్ళీ ఇలా చెప్తాను. చెల్లి మెరుపు సూటిగానే వెళ్ళింది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని లాగేసుకుంది. వీధంతా చీకటి, పక్క ఆసుపత్రి లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారు. ఇప్పుడు దొంగల్ని పట్టాలా, వాళ్ళని దించాలా? ఇంత చిక్కు తెచ్చిపెట్టినందుకు ఆట నియమం ప్రకారం ఆమెకి ఒక హీరో పాయింటు ఇస్తాను. తర్వాత ఎప్పుడైనా, ఫలితం నేను చెప్పకముందే ఆ పాయింటు ఖర్చు పెడితే పాచిక మళ్ళీ వేయొచ్చు. ఆ రెండోసారి పది గానీ అంతకంటే తక్కువ గానీ పడితే పది కలుపుతాం, 11కి తగ్గదు.

గుణుపూర్ మాస్టారు: అలా అయితే ఒప్పుకుంటాను. ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల విద్య, నేర్చాక నలుణ్ణి వదిలిన కలి ఎక్కడ దూరాడో తెలుసుగా, తాని చెట్టులో. పాత జూదంలో పాచికలు ఆ తానికాయలే. ఒడియా వాళ్ళు బాహాడా అంటారు. త్రిఫల చూర్ణంలో పడేది అదే. నాలుగు కాయలు తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టు.

పర్లాకిమిడి: తప్పకుండా మాస్టారూ. ఇదంతా చెల్లికి చదివి వినిపించాను. పడినప్పుడు "కలి పడింది" సరే, మరి పాయింటు పెట్టి గట్టెక్కినప్పుడు ఏమంటారు అని అడిగింది. నేను వెతుక్కునేలోపు తనే అంది, "కలి వదిలింది."