రొయ్యల గుంట దగ్గర ఏరేటర్లు ఆగితే ఫోన్ మోగాలి. ఏం పెట్టమంటారు?

మైపాడు_గుంట:
అందరికీ నమస్తే. మాది మైపాడు దగ్గర. నాన్న వెనామీ రకం రొయ్యలు వేస్తాడు, రెండు గుంటలు. నీళ్లు చిమ్మి గాలి కలిపే చక్రాల ఏరేటర్లన్నీ 2 హెచ్‌పీ, త్రీ ఫేజ్. నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నా. రాత్రి గుంట దగ్గర కాపలా మనిషి ఒక్కడే ఉంటాడు. జనరేటర్ ఉంది కానీ చేత్తోనే వేయాలి. తెల్లవారుజామున కరెంటు పోతే ఆయన లేస్తాడో లేదో అని ఇంట్లో అందరికీ టెన్షన్.

ఈఎస్‌పీ32 అనే ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డుతో చిన్న చిన్నవి చేసిన అలవాటుంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ పెట్టి, తగ్గితే ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చేలా చేద్దామనుకున్నా. ధరలు చూస్తే కళ్లు తిరిగాయి. అంత పెట్టడం దండగా, కాదా? ఎవరైనా వాడినవాళ్లుంటే చెప్పండి.

ఒంగోలు_ఈసీఈ:
డీవో సెన్సరే, అంటే నువ్వన్న ఆక్సిజన్ సెన్సరే కరెక్ట్ బ్రో. అసలు కావాల్సింది ఆక్సిజన్ కదా, అదే కొలవాలి. ఈఎస్‌పీ32కి కలిపి డేటా క్లౌడ్‌లో వేస్తే నెల మొత్తం గ్రాఫ్ కనిపిస్తుంది. నీళ్లలో ముంచే ప్రోబ్‌లు చీప్‌వి మాత్రం వద్దు.

కావలి_వైండింగ్:
ఒంగోలు తమ్ముడు చెప్పింది ల్యాబులో బాగుంటుంది. గుంటలో ఆ ప్రోబ్‌ని రాత్రింబవళ్లు ఉంచితే మూతి మీద పాచి పడుతుంది. తుడవాలి, క్యాలిబ్రేషన్ చేయాలి, పొర మార్చాలి. ఎవరు చేస్తారు, కాపలా ఆయనా? చేతిలో పట్టుకుని చూసే మీటర్ ఒకటి ఉంచుకో, చాలు. మబ్బు పట్టిన రోజుల్లో, తెల్లవారేముందు దాంతో చూడు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని తాగుతుంది కాబట్టి ఆ వేళకే బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి వస్తే ఊరుకోకూడదు.

అలారం మాత్రం ఆక్సిజన్‌కి కాదు, మోటారుకి పెట్టు. నాది మోటార్ వైండింగ్ షాపు, అందుకని ఆ వైపు నుంచే చెప్తా.

కరెంటు పోవడం ఒక్కటే ప్రమాదం అనుకుంటారు. పోయిన కరెంటు పది నిమిషాల్లో తిరిగొస్తుంది, షెడ్డులో లైటు వెలుగుతుంది, అంతా బాగుందనుకుని మనిషి పడుకుంటాడు. కానీ స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే స్విచ్, అదే కాంటాక్టర్, పడిపోయి ఉంటుంది, పచ్చ బటన్ నొక్కేదాకా ఏరేటర్ తిరగదు. రెండోది, ఒక ఫేజు పోవడం. మోటారు రొద చేస్తూ వేడెక్కి కాలిపోతుంది. నా దగ్గరకొచ్చే ఏరేటర్ మోటార్లు విప్పితే సంగతి కళ్లముందే ఉంటుంది: స్టార్ కనెక్షన్‌దైతే రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గులా మాడి, మూడోది కొత్తదానిలా ఉంటుంది. ప్లగ్గులో కరెంటు ఉందా లేదా అని మాత్రమే చూసే పరికరం ఈ రెంటినీ పట్టుకోలేదు.

అందుకని ముందు ప్రోగ్రామింగ్ లేని పని చెయ్యి. ప్రతి స్టార్టర్‌కీ సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉందో లేదో చూడు, లేకపోతే పెట్టించు. ఫేజు పోతే అదే కాంటాక్టర్‌ని పడేస్తుంది. కాంటాక్టర్‌కి ఎన్‌సీ ఆగ్జిలరీ కాంటాక్ట్ ఉంటుంది, లేకపోతే పక్కన తగిలించే బ్లాక్ అమ్ముతారు. మోటారు ఆగితే ఆ కాంటాక్ట్ కలుస్తుంది. దాని గుండా 12 వోల్టుల సైరన్‌ని యూపీఎస్‌లో ఉండే 7 ఏహెచ్ బ్యాటరీకి కలుపు. అన్ని స్టార్టర్ల కాంటాక్టులూ ప్యారలల్‌లో ఒకే సైరన్‌కి. ఏ ఒక్కటి ఆగినా అరుస్తుంది. బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే ఫ్లోట్ ఛార్జర్ ఉండాలి, ఫ్యూజు మర్చిపోవద్దు. స్టార్టర్ లోపల 415 వోల్టులు ఉంటాయి, మెయిన్ దించి ఎలక్ట్రీషియన్ చేత చేయించు. ఈఎస్‌పీ32తో ఆడుకున్న ధైర్యం అక్కడ పనికిరాదు.

మైపాడు_గుంట:
అన్నా, ఇది బాగుంది. కానీ మేత వేసేటప్పుడు ఏరేటర్లు మేమే ఆపుతాం. అప్పుడు కూడా అరుస్తుంది కదా? స్విచ్ పెట్టి ఆపేస్తే సరిపోతుందా?

కావలి_వైండింగ్:
స్విచ్ పెట్టావంటే రెండో రోజుకే ఆపి వదిలేస్తారు. నొక్కితే గంటసేపు మాత్రమే నోరు మూసి, తర్వాత దానంతటదే సిద్ధమయ్యే టైమర్ బటన్ పెట్టు. ఇక్కడ నీ ఈఎస్‌పీ32 పనికొస్తుంది. లేదా టైమర్ రిలే కొనుక్కో.

తర్వాత ఓపికుంటే మోటారు వైరుకి సీటీ క్లాంప్ పెట్టు, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది. గేర్‌బాక్స్ పోయి మోటారు ఉత్తినే తిరుగుతూ చక్రం ఆగితే సైరన్‌కి తెలియదు, సీటీకి తెలుస్తుంది. 2 హెచ్‌పీ మోటారు 3 ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే 100 ఆంపియర్ల క్లాంప్ దీనికి మొద్దు, 10 ఆంపియర్లకి 1 వోల్ట్ ఇచ్చేది తీసుకో. మూడు తీగలున్న కేబుల్ మొత్తాన్ని పట్టించావంటే సున్నా చూపిస్తుంది, ఒక్క తీగకే పట్టించాలి. లోడు లేని మోటారు కూడా కొంత కరెంటు లాగుతుంది కాబట్టి హద్దు సున్నా దగ్గర కాదు, మామూలు రీడింగ్‌కి కాస్త కింద పెట్టు.

కొత్తపట్నం_రైతు:
ఫోన్ సంగతి నేను చెప్తా. నోటిఫికేషన్‌కి ఎవరూ లేవరు బాబూ, కాల్ రావాలి. ఆ నంబర్‌ని ఫోన్‌లో ప్రత్యేకంగా సేవ్ చేసి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా పెట్టుకో. ఒకరు ఎత్తకపోతే వరసగా ముగ్గురికి పోవాలి.

సిమ్ వేసి కాల్ చేయించే మాడ్యూల్ కొనేటప్పుడు జాగ్రత్త. చవగ్గా దొరికే సిమ్800ఎల్ 2జీది, అందులో జియో సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్ లాంటి 2జీ ఉన్నది వేయాలి, మీ గుంట దగ్గర సిగ్నల్ ఉందో ముందు చూడు. కొత్తగా కొనేవాడివి ఏ7670సీ లాంటి 4జీది తీసుకుంటేనే మేలు. సిమ్800ఎల్ వాడితే దానికి 4 వోల్టులు విడిగా ఇవ్వాలి, కాల్ వెళ్లేటప్పుడు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. కాల్ కలిసేలోపే రీసెట్ అవుతుంటే సప్లయ్ చాలట్లేదని అర్థం, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యి.

ఇంకోటి, ఉప్పుగాలి. బ్రెడ్‌బోర్డు మీద చేసింది మన సముద్రం ఒడ్డున ఎన్నాళ్లో ఉండదు. జీరో పీసీబీ మీద సోల్డర్ చేసి, కోటింగ్ కొట్టి, దుమ్మూ నీళ్లూ దూరని ఐపీ65 డబ్బాలో పెట్టు. వైర్లు అడుగు నుంచే, సందు లేకుండా బిగించే గ్లాండ్ గుండా రావాలి. బల్లి దూరే సందు ఉండకూడదు.

మైపాడు_గుంట:
చాలా థ్యాంక్స్. ఈ ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తా, ముందు సైరనే. సామాన్లన్నిటికీ చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్లాలా?

కావలి_వైండింగ్:
సైరన్‌కి చెన్నై ఎందుకు? కాంటాక్ట్ బ్లాక్, ప్రివెంటర్, బ్యాటరీ అన్నీ నెల్లూరులోనే దొరుకుతాయి. సీటీ క్లాంపు, 4జీ మాడ్యూలు మాత్రం రిచ్చీ స్ట్రీట్‌లోనో ఆన్‌లైన్‌లోనో తెచ్చుకో. రోజూ రాత్రి తొమ్మిదికి అది నీకో మిస్డ్ కాల్ ఇచ్చేలా రాసుకో, రాకపోతే పరికరం చచ్చిందనో సిమ్ రీఛార్జి అయిపోయిందనో తెలుస్తుంది. గుంటలో రొయ్య పిల్ల వదలకముందే మెయిన్ దించి ఒకసారి, ఒక్క ఫేజు ఫ్యూజు తీయించి ఒకసారి పరీక్షించు. రెండోదానికి కాంటాక్టర్ పడకపోతే ప్రివెంటర్ వైరింగ్ తప్పు.