పాత భవనాన్ని కూల్చి గ్రీన్ మెటీరియల్స్‌తో కొత్తది కడితే, అది పర్యావరణానికి మేలేనా?

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడు ఎవరి నోట విన్నా గ్రీన్ బిల్డింగ్ మాటే. ఫ్లైయాష్ ఇటుకలు, వెదురు, రీసైకిల్ చేసిన స్టీలు... మంచిదే. కానీ గట్టిగా ఉన్న భవనాన్ని పడగొట్టి అదే చోట వీటితో ఇంకోటి లేపితే దాన్ని గ్రీన్ అనడానికి నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కొత్తదే మేలు:
ఎందుకు అనకూడదండీ? పాత గోడలకు ఇన్సులేషన్, అంటే వేడినీ చలినీ ఆపే పొర, ఉండదు, కిటికీలకు ఒంటి పొర అద్దాలు. ఏసీలో హీటర్లో ఆగకుండా నడవాల్సిందే. యాభై ఏళ్ల కరెంటు లెక్కేసి చూడండి.

సైట్ ఇంజనీర్:
పైన కరెంటు లెక్క చెప్పినవారికి. ఆ ఆదా యాభై ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా వస్తుంది. కట్టడానికయ్యే కార్బన్ మాత్రం తాళాలు చేతికి రాకముందే గాల్లో కలిసిపోతుంది.

సిమెంటునే తీసుకోండి. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం దానిదే. సున్నపురాయిని 1450 డిగ్రీల దగ్గర కాల్చి క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు, చేస్తారు. బట్టీలో బొగ్గు మానేసినా పూర్తిగా లాభం లేదు, సగానికి పైగా వాయువు ఆ రాయిలోంచే వస్తుంది. ఎల్‌సీ3 సిమెంటులో క్లింకర్ సగమే ఉంటుంది, మిగతాది ప్రధానంగా కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి. కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. కొత్తగా కట్టాల్సి వస్తే అదే వాడమంటాను. అయినా మిగిలిన 60 శాతం వెలువడుతుంది కదా! ఉన్న స్లాబును ఉంచుకుంటే ఆ బాధే లేదు.

పాత స్లాబు చూడ్డానికి వెళితే ముందు చిన్న సుత్తితో కింద నుంచి తట్టుకుంటూ పోతాను. ఖంగుమంటే సరే. డొల్ల శబ్దం వచ్చిన చోట పెచ్చు ఊడగొడితే తుప్పుపట్టి ఉబ్బిన కడ్డీ కనిపిస్తుంది. చాలాసార్లు ఆ జబ్బు బాత్రూమ్ కిందో, పిట్టగోడ పక్కనో, నీళ్లు దిగే చోటే ఉంటుంది. ఆ నాలుగు చోట్లా రిపేరు చేయించే ఓపిక లేక మొత్తం కూల్చేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇన్సులేషన్ అంటారా, పాతదానికీ వేయొచ్చు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 530 ఫ్లాట్లున్న మూడు బ్లాకులకు లకాటన్, వసాల్ అనే ఆర్కిటెక్టులు తమ సహచరులతో కలిసి బయటివైపు చలిని అడ్డుకునే అద్దాల వరండాలు జోడించారు. పని జరిగినన్నాళ్లూ జనం అక్కడే కాపురమున్నారు. 2021లో ఆ ఇద్దరికీ ఆర్కిటెక్చర్‌లో పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

కొత్తదే మేలు:
మరి భూకంపానికి తట్టుకోని పాత కట్టడాల సంగతి? కార్బన్ కోసం ప్రాణాలు పణంగా పెట్టలేం కదండీ.

సైట్ ఇంజనీర్:
ఒప్పుకుంటాను. పునాది కుంగినా, స్తంభాల్లో కాంక్రీటే నాసిరకమైనా, బలపరిచే దారి లేకపోతే తీసేయాల్సిందే. అప్పుడు కూడా తలుపులు, ఇటుకలు, కడ్డీలు విడివిడిగా విప్పించండి, మళ్లీ పనికొస్తాయి. కానీ ‘పాతదైపోయింది’ అన్న మాట మీద కూల్చొద్దు. కాంక్రీటు కోర్ టెస్టు, అంటే చిన్న ముక్క తొలిచి తీసి బలం చూసే పరీక్ష, చేయించారా అని అడగండి. రిపోర్టు చేతికొచ్చాకే కొత్త ప్లాన్ సంగతి మాట్లాడండి.