నాన్న వాచీ: బాగు చేయించాలా, అలాగే దాచుకోవాలా?

తూరుపు_కిటికీ:

నాన్న పోయాక ఆయన వాచీ నా దగ్గరికి వచ్చింది. రోజూ కీ ఇవ్వాల్సిన పాతకాలం వాచీ. ఉద్యోగం వచ్చినప్పుడు తాతయ్య కొనిచ్చారట, ఆ తర్వాత నాన్న ఇంకో వాచీ పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు నడవడం లేదు. రిపేరు చేసే ఆయనకు చూపిస్తే, డయల్ మీద మరకలు పోవాలంటే మళ్లీ రంగు వేయించాలి, కేసుకు పాలిష్ పెట్టాలి, ముళ్లు మార్చాలి, అప్పుడు అచ్చం కొత్తదానిలా ఉంటుంది అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. అంచు మీద ఒక లోతైన గీత ఉంది, నాన్న స్కూటర్ విప్పుకుని కూర్చున్నప్పుడు స్పానర్ జారి పడింది, అప్పుడు నేను పక్కనే ఉన్నాను. తోలు బెల్టుకి మూడో రంధ్రం సాగిపోయి ఉంది, దాని తర్వాత ఇంకోటి వంకరగా ఉంది, జబ్బు చేసి చెయ్యి సన్నబడ్డాక నాన్నే మేకుతో పొడుచుకున్నది. ఇవన్నీ పోయి కొత్తగా మెరిసేది చేతికొస్తే అది నాన్న వాచీ ఎలా అవుతుంది? అలాగని ఆగిపోయిన వాచీని బీరువాలో పెట్టి తాళం వేయాలన్నా బాధగానే ఉంది. తమ్ముడేమో బాగు చేయించి పెట్టుకో అంటాడు, అమ్మ దాన్ని ముట్టుకోవద్దంటుంది. ఇలాంటిది మీలో ఎవరికైనా ఎదురైతే ఏం చేశారో చెప్పండి.

చిన్నముల్లు:

ముందుగా ఒక్క మాట, ఆ డయల్ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

ఇక్కడ రెండు వేరువేరు పనులున్నాయి, రిపేరు ఆయన రెండింటినీ కలిపి చెప్పారు. ఒకటి లోపలి మిషన్ విప్పి, కడిగి, నూనె వేయడం. ఇది తప్పకుండా చేయించండి. వాడకుండా డ్రాయర్‌లో ఉంచినా లోపలి నూనె ఏళ్ల తరబడి ఎండుతూనే ఉంటుంది, గట్టిపడ్డ నూనెతో బలవంతంగా నడిపిస్తే చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. అందుకే ఆశకొద్దీ ఇప్పుడే కీ ఇచ్చి చూడకండి. పాత వాచీల్లో చాలావాటి బ్యాలెన్స్ చక్రం, అదే అటూ ఇటూ ఊగుతూ టైమ్ నడిపించే చక్రం, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 5, రోజుకు 4,32,000. పొడిగా ఉన్న ఇరుసు మీద అంత రాపిడి పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

రెండోది పైపై మెరుగు. దానికి ఒప్పుకోకండి. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత లోతు వరకు చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీయడం. అంచులు గుండ్రంగా అయిపోతాయి, వెనక మూత మీద అక్షరాలు చెక్కి ఉంటే అవి పలచబడతాయి, పోయిన లోహం మళ్లీ రాదు. డయల్‌కి రంగు వేయడమూ అంతే, పాతది గీకేసి కొత్తగా అచ్చు వేస్తారు. ముళ్లు తుప్పు పట్టి రాలిపోయేలా ఉంటే తప్ప మార్చనక్కర్లేదు. పైన అద్దం ప్లాస్టిక్‌దైతే సన్న గీతలు రుద్దితే పోతాయి, పగిలి ఉంటే మాత్రం మార్చేయండి, ఆ పగులులోంచి తేమ లోపలికి దిగుతుంది. వాచీ ఇచ్చేటప్పుడు చీటీ మీద "పాలిష్ వద్దు, డయల్ ముట్టవద్దు, మార్చిన ప్రతి పాత భాగం తిరిగి ఇవ్వాలి" అని రాయించుకోండి. నోటిమాట పనిలో పడ్డాక గుర్తుండదు.

బెల్టు విప్పి జాగ్రత్తగా దాచుకుని, పెట్టుకోవడానికి వేరేది వేయించుకోండి. ఆ వంకర రంధ్రం ఉన్న బెల్టు ఇంకా వాడితే తెగిపోతుంది.

వానచుక్క:

చిన్నముల్లు గారు చెప్పినదాంట్లో చాలావరకు నిజమే కానీ, అన్నీ పాతవే ఉండాలన్న పట్టు అన్నిచోట్లా కుదరదండీ. మా అమ్మ రిటైరైనప్పుడు తోటివాళ్లంతా కలిసి ఇచ్చిన వాచీ నా దగ్గరుంది, వెనక ఆవిడ పేరూ తారీఖూ చెక్కించారు. అది సెల్లుతో నడిచే క్వార్ట్జ్. సెల్లు లోపలే కారిపోయి సర్క్యూట్ తినేసింది, బాగుపడదన్నారు. లోపలి మిషన్ మొత్తం తీసి కొత్తది వేయించాను. ఒకరోజు చాలా బాధపడ్డాను, తర్వాత ఆలోచిస్తే అమ్మ ఆ మిషన్‌ని ఎప్పుడూ చూడను కూడా లేదు. ఆవిడ చూసింది డయల్, వేలు తగిలింది కేసుకి, మణికట్టుకి ఆనింది ఆ పేరున్న మూత. అవన్నీ అలాగే ఉన్నాయి. నా మటుకు అది అమ్మ వాచీయే, ఎవరేమన్నా సరే. సెల్లు వాచీ దాచుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఇవాళే మూత తీయించి ఆ సెల్లు బయట పెట్టించండి. 1969 డిసెంబర్ 25న జపాన్ కంపెనీ సీకో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది, అప్పటినుంచి బహుమతులుగా ఇచ్చిపుచ్చుకున్న వాచీల్లో ఎన్నో ఇలాంటివే, అవి పాడయ్యేది ఎక్కువగా లోపల మరిచిపోయిన సెల్లు వల్లే.

పాత_ఇరుసు:

తూరుపు_కిటికీ గారూ, చీకట్లో ఆ వాచీ అంకెలూ ముళ్లూ వెలిగేవా? 1960ల వరకు చాలా వాచీలకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు వెలుగు రాకపోయినా అది పోయినట్టు కాదు. వెలుగునిచ్చే పూత పాడైపోయి ఉంటుంది, రేడియం మాత్రం సగమవడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. మూత ఇంట్లో తీయకండి, ఆ పొడి లోపలికి పీల్చకూడదు, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి. డయల్ కింద అంచున చిన్న "టి" అక్షరం ఉంటే అది ట్రిటియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం, అది సగమవడానికి సుమారు 12 ఏళ్లే కాబట్టి అంత భయం లేదు. రిపేరు ఆయనకి ముందే చెప్పండి.

తూరుపు_కిటికీ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. వెలిగే రంగు లేదు, మామూలు అంకెలే. చిన్నముల్లు గారు చెప్పినవన్నీ అమ్మకి చదివి వినిపించాను. గీత అలాగే ఉంటుందంటే సరే ఇచ్చెయ్ అంది. ఇంకో చిక్కు మిగిలింది. వాచీ ఒకటే, మేం ఇద్దరం. తమ్ముడు నోరు తెరిచి అడగలేదు కానీ వాడికీ ఉంటుంది కదా.

ఊరిచివర_వేప:

వాడు అడగకముందే మీరే మాట్లాడండి. మా ఇంట్లో అలా మాట్లాడుకోకపోవడం వల్లే పెద్దమ్మ పిల్లలు ఇప్పటికీ ముభావంగా ఉంటారు. కొన్నాళ్లు మీరు, కొన్నాళ్లు అతను పెట్టుకోవచ్చు, లేదంటే ఆ బెల్టు అతనికిచ్చి వాచీ మీరు ఉంచుకోవచ్చు. చేతి నుంచి చేతికి వెళ్లడం వల్ల విలువేమీ తగ్గదు. నటుడు పాల్ న్యూమన్‌కి కార్ల రేసుల పిచ్చి, ఆయన భార్య జోఆన్ వుడ్‌వర్డ్ ఒక రోలెక్స్ డేటోనా కొనిచ్చి వెనక "జాగ్రత్తగా నడుపు, ఇట్లు నేను" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో చెక్కించింది. ఆయన ఏళ్ల తరబడి పెట్టుకుని 1984లో కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. 2017లో న్యూయార్క్ వేలంలో అది కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. అదే మోడల్ వాచీలు ఇంకా ఉన్నాయి, వేటికీ అంత పలకలేదు, దీని వెనక ఆ మాట ఉంది, దాన్ని పెట్టుకున్న మనిషి ఉన్నాడు. మీదాన్ని అమ్మమని కాదు నేననేది, ఆ గీతనీ ఆ రంధ్రాన్నీ మీరు చూసినట్టే మీ తమ్ముడూ చూస్తాడు, అతనికీ ఆ అవకాశం ఇవ్వండి.

తూరుపు_కిటికీ:

ఇవాళే ఫోన్ చేస్తాను. బాగయ్యాక రోజూ పెట్టుకోవచ్చా, లేక అప్పుడప్పుడేనా?

చిన్నముల్లు:

రోజూ పెట్టుకోండి, ఏం కాదు. పొద్దున్నే ఒకే వేళకి, చేతి నుంచి తీసి కీ ఇవ్వండి, బిగుతుగా తగలగానే ఆపేయండి. స్నానానికీ వానకీ వద్దు, అంత పాతదానికి నీళ్లు ఆపే శక్తి ఉందని నమ్మలేం. ఫోన్ స్పీకర్ల పక్కన, అయస్కాంతం ఉన్న పర్సు మూతల పక్కన పెట్టకండి. ఉన్నట్టుండి రోజుకి పది, ఇరవై నిమిషాలు ముందుకు పరిగెత్తడం మొదలుపెడితే టెన్షన్ పడొద్దు, సన్న స్ప్రింగుకి అయస్కాంతం పట్టి ఉంటుంది, అది తీసేయడం రిపేరు చేసేవాళ్లకి నిమిషం పని.