అంతర్జాతీయ జర్నల్‌లో సామాజిక శాస్త్ర పేపర్: విశ్వవిద్యాలయం డబ్బు దేనికి ఇవ్వాలి?

క్షేత్రం_మానవశాస్త్రం:
సామాజిక శాస్త్రాల వాళ్లకు అంతర్జాతీయ ప్రచురణ కోసం విశ్వవిద్యాలయాలు ఎక్కువగా రెండు చోట్ల డబ్బు పెడుతున్నాయి. జర్నల్ పేపర్‌ను అంగీకరించాక ఓపెన్ యాక్సెస్ కోసం, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగేలా పెట్టడం కోసం, అడిగే రుసుము (అందరం ఏపీసీ అంటున్నదే) ఒకటి. పేపర్ వచ్చాక రచయిత చేతికిచ్చే నగదు బహుమతి రెండోది. రెండూ పని మొత్తం అయిపోయాక వచ్చే డబ్బే.

మన పరిశోధనలో కష్టం అంతకు చాలా ముందే ఉంటుంది. గంటల కొద్దీ ఇంటర్వ్యూలను వినాలి, రాయాలి, అనువదించాలి. మొదటి డ్రాఫ్ట్‌ను బయటివాళ్లు ఎవరైనా చదివి ఎక్కడ తేలిపోతోందో చెప్పాలి. రివ్యూయర్లు (జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే నిపుణులు) రెండుసార్లు తిప్పి పంపితే తిరగరాయడానికి తీరిక కావాలి. ఆ దశలో ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. ఏపీసీనీ బహుమతినీ రెండింటినీ ఆపేసి ఆ డబ్బంతా ముందు దశకు మళ్లించాలని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

అర్థశాస్త్రం_స్కాలర్:
నేను కాదంటాను. పర్మనెంట్ ఉద్యోగం ఉన్నవాళ్లకు ఈ మాట అనడం తేలిక. నాలాంటి వాళ్లకు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఇంటర్వ్యూకి పిలుపు రావాలంటే సీవీలో పేపర్ కనిపించాలి, అదీ ఈ ఏడాదే. పేరున్న జర్నల్‌లో ఓపెన్ యాక్సెస్ రుసుము రెండు మూడు వేల డాలర్లు మామూలు. వైద్యంలో, భౌతికశాస్త్రంలో ప్రాజెక్టు గ్రాంట్‌లోనే ఆ ఖర్చు కలిసి ఉంటుంది. మన దగ్గర చాలా పరిశోధన గ్రాంట్ లేకుండానే జరుగుతుంది. ప్రచురణకర్తల పూర్తి మినహాయింపులు ఎక్కువగా బాగా పేద దేశాలకే. మధ్య ఆదాయ దేశంలో ఉన్న విద్యార్థికి చాలాసార్లు పూర్తి మినహాయింపూ దొరకదు, జేబులో డబ్బూ ఉండదు. విశ్వవిద్యాలయం కూడా చేతులెత్తేస్తే డబ్బున్న గైడ్ దగ్గర చేరినవాళ్ల పేపర్లే బయటికి వస్తాయి.

లైబ్రరీ_డెస్క్:
స్కాలర్ గారూ, ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. పేరున్న సామాజిక శాస్త్ర జర్నళ్లలో చాలా భాగం హైబ్రిడ్ జర్నళ్లు. వాటిలో రుసుము కట్టకపోయినా పేపర్ వస్తుంది, కాకపోతే చందా ఉన్నవాళ్లే చదవగలరు. ఓపెన్ యాక్సెస్ కావాలంటేనే డబ్బు. అంగీకారం వచ్చిన రోజున వచ్చే ఫారంలో "చందా మార్గం" అనే గడి ఒకటి ఉంటుంది. అది చాలామంది కంట పడదు, డబ్బు కట్టకపోతే పేపర్ ఆగిపోతుందని టెన్షన్ పడిపోతారు. ఈ సంగతి ముందే చెప్పడం కూడా విశ్వవిద్యాలయం చేయాల్సిన సాయమే.

పైగా హైబ్రిడ్ జర్నల్‌కు ఏపీసీ కట్టడమంటే ఒకే సంస్థకు రెండుసార్లు చెల్లించడం. చందా లైబ్రరీ బడ్జెట్ నుంచి ముందే వెళ్లిపోయింది. 2018లో యూరప్‌లోని కొన్ని పరిశోధన నిధుల సంస్థలు కలిసి, తాము డబ్బిచ్చిన పరిశోధన అందరికీ ఉచితంగా అందాలనే ప్లాన్ ఎస్ ప్రకటించినప్పుడు హైబ్రిడ్ రుసుములకు డబ్బు ఇవ్వబోమని అన్నది ఇందుకే. చందానీ ప్రచురణ రుసుమునూ ఒకే ఒప్పందంలో కలిపే పద్ధతి ఆ తర్వాత బాగా పెరిగింది. పెద్ద లైబ్రరీలకు అది కొంత మేలే. చిన్న విశ్వవిద్యాలయాలకు బేరమాడే బలం లేదు.

అసలు రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా ఏమీ తీసుకోని జర్నళ్లు ఉన్నాయి, డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచంలో ఇలాంటివి 17,000 నుంచి 29,000 దాకా ఉంటాయని అంచనా వేసింది. అందులో 60 శాతం దాకా మానవీయ, సామాజిక శాస్త్రాలవే. లాటిన్ అమెరికాలో 1998లో మొదలైన సైయెలో అనే ఉచిత జర్నళ్ల వేదిక ప్రధానంగా ప్రజాధనంతోనే ఇన్నేళ్లుగా నడుస్తోంది. 2015లో వచ్చిన ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్‌కు లైబ్రరీలు తలా కొంత వేసుకుంటాయి, రచయితలు ఏమీ కట్టరు. ఒక్కో పేపర్‌కు వేల డాలర్లు పోసే బదులు ఇలాంటి జర్నళ్లకు ఏటా కొంత ఇస్తే అందరికీ పనికొస్తుంది.

అర్థశాస్త్రం_స్కాలర్:
చందా మార్గం నాకు తెలుసు. దాని నష్టం మీరు చెప్పలేదు. అంగీకారం పొందిన ప్రతిని రిపాజిటరీలో (పేపర్లను అందరికీ ఉచితంగా అందించే ఆన్‌లైన్ నిల్వలో) పెట్టాలంటే కొందరు ప్రచురణకర్తలు ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. కనీస వేతనం మీద రాసిన పేపర్ ఏడాదిన్నర తాళం వెనక ఉంటే ఈలోపు ఆ విధానం మీద నిర్ణయం అయిపోతుంది. నిర్ణయం తీసుకునేవాళ్లకూ, ఏ కార్మికుల మీద రాశానో వాళ్ల సంఘానికీ జర్నల్ చందా ఉండదు.

లైబ్రరీ_డెస్క్:
అందుకు ప్రీప్రింట్ ఉంది, అంటే రివ్యూకు ముందే నెట్‌లో అందరికీ పెట్టే ప్రతి. మీ అర్థశాస్త్రంలో వర్కింగ్ పేపర్ల అలవాటు చాలా పాతది కదా. అలాంటి పేపర్లు దొరికే ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ 1994లో, రీపెక్ 1997లో మొదలయ్యాయి. మిగతా సామాజిక శాస్త్రాలకు 2016 నుంచి సోష్‌ఆర్కైవ్ ఉంది. జర్నల్‌కు పంపే ముందే పెట్టేయొచ్చు. కొందరు ప్రచురణకర్తలు అంగీకృత ప్రతిని కూడా వెంటనే పెట్టనిస్తారు. ఏ జర్నల్ ఏమంటుందో చూసి పెట్టడం మా పని, అడగండి.

క్షేత్రం_మానవశాస్త్రం:
ప్రీప్రింట్ అర్థశాస్త్రానికి సరిపోయినంతగా మాకు సరిపోదు. మా పేపర్ శీర్షిక గూగుల్‌లో కొడితే రచయిత పేరు వచ్చేస్తుంది, రివ్యూయర్‌కు తెలియకుండా ఉండాల్సింది తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యం, మాతో మాట్లాడినవాళ్ల గుర్తింపు. రివ్యూలో ఎవరో ఒకరు "ఈ వివరంతో ఈ మనిషిని పట్టేయొచ్చు" అని ఆపుతారు. ఆ కన్ను పడకముందే నెట్‌లో పెడితే వెనక్కి తీసుకోలేం. కాబట్టి "ప్రీప్రింట్ పెట్టినవారికే సాయం" అనే నిబంధన మాత్రం ఎవరూ పెట్టకూడదు.

అంకెలు_చూస్తాను:
మొదటి పోస్ట్ తర్వాత బహుమతుల గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే అన్నిటికంటే ప్రమాదంగా కనిపిస్తుంది. 2016 నాటికి చైనా విశ్వవిద్యాలయాలు నేచర్‌లోనో సైన్స్‌లోనో ఒక్క పేపర్‌కు సగటున 44,000 డాలర్ల దగ్గర ఇచ్చేవి. 2020లో అక్కడి ప్రభుత్వమే పేపర్ల లెక్కకు నగదు ముడిపెట్టొద్దని ఆదేశించింది. 2011లో సైన్స్ జర్నల్‌లోనే వచ్చిన ఒక అధ్యయనం పలు దేశాల ప్రోత్సాహకాలను పోల్చి చూసింది. నగదు బోనస్ పెట్టిన దేశాల నుంచి ఆ జర్నల్‌కు వచ్చే పేపర్లు పెరిగాయి, అంగీకారాలు మాత్రం పెరగలేదు. అంటే ఎడిటర్లకూ రివ్యూయర్లకూ పని పెరిగింది, అంతే.

అలాగని లెక్కపెట్టడమే తప్పు అనను. ఆస్ట్రేలియా 1990లలో పేపర్ల సంఖ్యను బట్టి విశ్వవిద్యాలయాలకు నిధులు ఇచ్చినప్పుడు నాసిరకం జర్నళ్లలో పేపర్లు పెరిగాయని ఒక విశ్లేషణ చాలాకాలం చెలామణి అయింది. 2017లో వేరే పరిశోధకులు ఆ నిర్ధారణను గట్టిగా ప్రశ్నించారు. నార్వే పద్ధతి చూడండి. జర్నళ్లను రెండు స్థాయులుగా విడదీసి, పై స్థాయికి ఎక్కువ పాయింట్లు ఇచ్చింది, పుస్తకాలనూ నార్వేజియన్ భాషలో వచ్చినవాటినీ లెక్కలోకి తీసుకుంది. లెక్క ఎలా పెడుతున్నామన్నదే అసలు విషయం. కానీ ఆ లెక్క విశ్వవిద్యాలయం దగ్గర ఆగాలి, వ్యక్తి జేబుదాకా రాకూడదు. వచ్చిందంటే కో-ఆథర్ల జాబితా పెరుగుతుంది, ఒక పరిశోధన నాలుగు ముక్కలవుతుంది, డబ్బు తీసుకుని సరైన రివ్యూ లేకుండా ఏదైనా వేసే ప్రిడేటరీ జర్నల్ తలుపు తెరుచుకుంటుంది.

జర్నల్_ఎడిటర్:
ఒక అంతర్జాతీయ జర్నల్‌లో సంపాదక బాధ్యత చూస్తున్నాను, ఆ వైపు నుంచి చెబుతాను. రివ్యూకు కూడా పంపకుండా తిరిగి వెళ్లే పేపర్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషు వల్ల పోవు. "మా దగ్గర ఇలా జరిగింది" అని చక్కగా చెప్పి, ఇంకోచోట ఉన్నవాళ్లు దాన్ని ఎందుకు చదవాలో చెప్పకపోవడం వల్ల పోతాయి. డేటా బంగారం, ప్రశ్న మాత్రం సగంలో ఆగి ఉంటుంది. పంపే ముందు ఆ రంగంలో పనిచేసే ఒక్క మనిషి శ్రద్ధగా చదివి ఉంటే సరిపోయేది.

అయితే ఆ గుమ్మం అందరికీ ఒకే ఎత్తులో లేదు, ఇది కూడా ఒప్పుకోవాలి. 5 లక్షలకు పైగా సామాజిక శాస్త్ర వ్యాసాల శీర్షికలను చూసిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. సంపన్న దేశాల మీద రాసిన వ్యాసాల శీర్షికల్లో దేశం పేరు తక్కువగా ఉంటోంది, మిగతా దేశాల మీద రాసినవాటిలో ఎక్కువగా ఉంటోంది. అమెరికాలోని కుటుంబం మీద రాస్తే అది "కుటుంబం", ఇంకో దేశం మీద రాస్తే ఫలానా దేశపు కుటుంబం. మనస్తత్వశాస్త్రంలో అయితే 2008లో ఒక పరిశీలన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రధాన జర్నళ్లను చూసి, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లేనని తేల్చింది. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. ఏపీసీ కట్టినంత మాత్రాన ఈ పక్షపాతం పోదు. దాన్ని దాటేలా వాదన కట్టుకోవడానికి సమయం, మంచి చదువరులు కావాలి.

క్షేత్రం_మానవశాస్త్రం:
ఎడిటర్ గారూ, భాష సంగతి అంత తేలిగ్గా వదలకండి. 2023లో ఎనిమిది దేశాల పర్యావరణ శాస్త్రవేత్తలను అడిగి చేసిన సర్వేలో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల పేపర్లు భాష కారణంగా రెండున్నర రెట్లు ఎక్కువగా తిరస్కరణ పొందుతున్నాయని తేలింది. అది సామాజిక శాస్త్రం కాదు, నిజమే. కానీ వాళ్లకు పట్టికలు, గ్రాఫులు సగం పని చేసిపెడతాయి. మాకు వాక్యమే ఆధారం. ఒక మనిషి ఇంటర్వ్యూలో వాడిన మాటను ఇంగ్లీషులో చప్పగా పెడితే విశ్లేషణే కూలుతుంది. అందుకే రంగం తెలిసిన అనువాదకుడికి, ఎడిటర్‌కు డబ్బు ఇవ్వాలంటున్నాను. అదే పరిశోధన పరిశోధించినవాళ్ల భాషలో కూడా రావడానికి కొంత పక్కన పెట్టాలి. పరిశోధనలో బహుభాషలను కాపాడాలని 2019లో హెల్సింకి పిలుపు మీద సంతకాలు చేసిన సంస్థలు ఉన్నాయి. సంతకం చేసినవాళ్లు బడ్జెట్‌లో కూడా ఒక వరుస రాయాలి.

పరిపాలన_విభాగం:
ఇంతసేపూ చదివాను. మా ఇబ్బంది కూడా వినండి. ఏపీసీకి ఇన్‌వాయిస్ వస్తుంది, ఆడిట్‌లో చూపిస్తాం. "పేపర్ చదివి సలహా ఇచ్చారు" అంటే ఏ పద్దు కింద రాయాలి? రెండోది, ర్యాంకింగ్ సంస్థలు సైటేషన్లు (మా పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారో) అడుగుతాయి, పాలకమండలి ర్యాంకు అడుగుతుంది. జర్నల్ పేరు చూసి పరిశోధకుణ్ని తూచొద్దని 2012లో తయారైన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన అంది. 2022 యూరప్ ఒప్పందం కూడా అదే చెప్పింది. మేమూ చదివాం. నియామక నిబంధనలు మారేదాకా ఒక్క మా విభాగమే మారితే మా పిల్లలకే నష్టం.

అర్థశాస్త్రం_స్కాలర్:
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. ఆటకు నియమాలు పెట్టేవాళ్లు మారకుండా ఆడేవాళ్ల చేతిలోది లాక్కోవద్దు.

పుస్తకం_రాస్తున్నాను:
అందరూ పేపర్ల చుట్టూనే తిరుగుతున్నారు. చరిత్రలో, సామాజిక శాస్త్రంలో, మానవశాస్త్రంలో పేరు నిలబెట్టేది పుస్తకం. ఓపెన్ యాక్సెస్ పుస్తకానికి అడిగే రుసుము ముందు ఏపీసీ ఏపాటిది! లండన్‌లోని యూసీఎల్ ప్రెస్ 2015 నుంచి పుస్తకాలను ఉచితంగా చదవనిస్తోంది, విశ్వవిద్యాలయమే ఆ ప్రెస్‌ను నడుపుతోంది కాబట్టి. ప్రెస్ పెట్టడం అందరి వల్లా కాదు. కానీ రాతప్రతి పూర్తయ్యాక బయటి నుంచి ముగ్గురు పండితులను పిలిచి, ఒక రోజంతా కూర్చోబెట్టి, అధ్యాయం అధ్యాయం చర్చించే వర్క్‌షాప్ పెట్టొచ్చు. దానికయ్యే ఖర్చు ఒక ఏపీసీ కంటే ఎక్కువ ఉండదు. పుస్తకం మారిపోతుంది.

జర్నల్_ఎడిటర్:
పరిపాలన విభాగం వారికి: పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం చదివే బయటి పరీక్షకుడికి పారితోషికం ఇస్తారు కదా. ఆ పద్దు ఉంది, రేటు ఉంది, రసీదు ఉంది. పేపర్ డ్రాఫ్ట్ చదివే బయటి చదువరికీ అదే పద్దు వాడండి. రెండు పేజీల రాతపూర్వక అభిప్రాయం ఫైల్‌లో ఉంటుంది, ఆడిట్‌కు అంతకంటే ఏం కావాలి?

పరిపాలన_విభాగం:
అది కుదురుతుంది. లాంగ్వేజ్ ఎడిటింగ్‌కు ఇన్‌వాయిస్ ఎలాగూ ఉంటుంది. నగదు బహుమతి ఆపడానికి కూడా మా వైపు నుంచి అభ్యంతరం లేదు. ఏపీసీ పూర్తిగా ఆపడం మాత్రం నేను సిఫారసు చేయలేను.

క్షేత్రం_మానవశాస్త్రం:
స్కాలర్ గారు చెప్పిన మధ్య ఆదాయ దేశాల విషయం బలమైనది. దానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి "ఏపీసీ మొత్తం ఆపాలి" అనే మాటను ఇలా మారుస్తాను. పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయి, రచయితకు గ్రాంటూ పర్మనెంట్ ఉద్యోగమూ రెండూ లేకపోతే ఏపీసీ ఇవ్వాలి. హైబ్రిడ్‌కు వద్దు. డబ్బులో మొదటి హక్కు మాత్రం పేపర్ పంపకముందు దశకే: బయటి చదువరి, అనువాదం, ఎడిటింగ్, తిరగరాయడానికి ఒక సెమిస్టర్ బోధన తగ్గింపు. ఆ చివరిది అన్నిటికంటే విలువైనది, దాని గురించి పరిపాలన విభాగం ఇంకా ఏమీ అనలేదు.

అర్థశాస్త్రం_స్కాలర్:
హైబ్రిడ్ దగ్గర నేను ఇంకా ఒప్పుకోను. మా రంగంలో మంచి జర్నళ్లలో చాలా భాగం అవే. నాకు ఓపెన్ యాక్సెస్ కావాల్సింది విధానం మీద రాసిన పేపర్లకే, వాటికైనా మినహాయింపు ఉండాలి. ఇంకొకటి. బయటి చదువరిని ఎవరు ఎంచుకుంటారు? శాఖాధిపతి అయితే ఆయన స్నేహితులకే వెళ్తుంది, గైడ్‌ను విమర్శించే పేపర్ ఎవరికీ వెళ్లదు.

జర్నల్_ఎడిటర్:
రచయితే మూడు పేర్లు ఇవ్వాలి, అందులో ఒకరికి పరిశోధన కార్యాలయం పంపాలి, శాఖకు తెలియాల్సిన పని లేదు. పేర్లు తెలియని కొత్త విద్యార్థికి లైబ్రరీ వెతికి ఇస్తుందా?

లైబ్రరీ_డెస్క్:
ఇస్తుంది. ఆ పేపర్ ఎవరిని ఎక్కువగా ఉటంకించిందో చూస్తే పేర్లు అక్కడే ఉంటాయి.