పక్షవాతం ఉన్న పెద్దావిడకు స్నానం: కుర్చీ మీదా, మంచం మీదా?

కొత్త ఆయా: వృద్ధాశ్రమంలో ఎడమ చెయ్యి, కాలు పడిపోయిన పెద్దమ్మగారికి స్నానం చేయించాలి. ఎలా మొదలుపెట్టాలి? బట్టలు ఎటువైపు నుంచి తియ్యాలి?

రాత్రి డ్యూటీ సిస్టర్: ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలిగితే కుర్చీయే. లేకపోతే మంచం మీదే ఒళ్లు తుడవండి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు. ఇది తిరగబడితే పట్టులేని ఆ భుజం మెలిపడుతుంది. చంకల్లో చేతులేసి ఎత్తడం, ఆ చెయ్యి పట్టి లాగడం అసలు వద్దు, కీలు జారుతుంది. కుర్చీ బాగున్న వైపు ఉండాలి. కాళ్లు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టాకే లేపండి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. లేపేటప్పుడు ఇంకొకరు తోడుండాల్సిందే.

గీజరు మనిషి: మామూలు ప్లాస్టిక్ కుర్చీ వాడకండి, తడి టైల్స్ మీద దాని కాళ్లు విచ్చుకుపోతాయి. అడుగున రబ్బరు బుడిపెలున్న స్నానం స్టూలు కావాలి. చక్రాల కమోడ్ కుర్చీ అయితే బ్రేకులన్నీ పడ్డాయో లేదో ఊపి చూడండి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేన్నీళ్లు. 37 నుంచి 40 డిగ్రీలు చాలు. థర్మామీటరు లేకపోతే మోచేత్తో చూడండి; రోజూ వేన్నీళ్లలో మెదిలే అరచేతికి వేడి సరిగ్గా తెలియదు. పడిపోయిన వైపుకీ, షుగరున్నవాళ్ల పాదాలకీ అంతే. అందుకే బాగున్న చేతిమీద పోసి, "వేడి సరిపోయిందా అమ్మా?" అని అడగండి. హీటరు రాడ్ అయితే ప్లగ్గు పీకేదాకా నీళ్లు ముట్టుకోవద్దు.

కొత్త ఆయా: నైటీ విప్పనివ్వరు. చెయ్యి విదిలిస్తారు.

పాత కేర్‌టేకర్: అయితే ముందే విప్పేయకండి. సబ్బు, తువ్వాళ్లు, మార్చే బట్టలు ముందే దగ్గర పెట్టుకోండి, మధ్యలో ఒంటరిగా వదిలి వెళ్లకూడదు. భుజాల మీద ఒక పెద్ద తువ్వాలు, ఒడిలో ఇంకొకటి. వాటి కిందనుంచే నైటీ జార్చండి. పాదాలతో మొదలుపెట్టి పైకి రండి. తలమీద ఒక్కసారిగా మగ్గు గుమ్మరిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, మతిమరుపు ఉన్నవాళ్లయితే కొడతారు కూడా. కడుగుతున్న భాగం మాత్రమే తెరిచి, కడిగి, వెంటనే కప్పెయ్యాలి. మర్మాంగాల దగ్గర తడిగుడ్డ ఆవిడ కుడిచేతికే ఇవ్వండి, చాలావరకు వాళ్లే చేసుకోగలరు. మీరు చెయ్యాల్సి వస్తే ముందునుంచి వెనక్కి తుడవాలి, లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. అన్నట్టు, "పన్నెండో బెడ్డుకి అయిందా?" అని వరండాలోంచి కేకలేసే అలవాటు ముందు మానిపించాలి.

సున్నిపిండి అభిమాని: పండక్కి తలంటు అడిగితే?

రాత్రి డ్యూటీ సిస్టర్: పొయ్యండి. నూనె తలకే, అరికాళ్లకు వద్దు. సున్నిపిండి ఒంటికి రుద్దితే పలచబడ్డ చర్మం గీసుకుపోతుంది, నేలంతా జారుడవుతుంది. తలకు పెట్టినా ఆవిణ్ణి లేపేముందు నేల కడిగి తుడవండి.

పాత కేర్‌టేకర్: తుడిచేటప్పుడు అద్దండి, రుద్దకండి. కాలివేళ్ల సందులు, రొమ్ముల కింద, ముడుచుకున్న ఎడమ పిడికిలి లోపల తడి ఉండిపోతే ఒరుస్తుంది. పిరుదుల మీద ఎర్రమచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పడకపుండు మొదలైనట్టే. దాన్ని మర్దన చెయ్యకుండా, ఆ పూటే నర్సుకు చూపించండి.