స్ట్రీట్ ఫైటర్ 6: మన ఆదివారం పోటీల్లో మోడర్న్ కంట్రోల్స్ ఉంచాలా, తీసేయాలా?

కూకట్‌పల్లి_గైల్:

అందరికీ నమస్తే. నెలకో ఆదివారం మా ఫ్లాట్‌లో పది పన్నెండు మందిమి కలిసి స్ట్రీట్ ఫైటర్ లాంటి ఫైటింగ్ ఆటలు ఆడుకుంటామని ఇక్కడ చాలామందికి తెలుసు. రెండు పీఎస్5లు, రెండు మానిటర్లు, మధ్యాహ్నం బిర్యానీ. మూడేళ్లుగా ఒక్క గొడవ లేదు. మొన్న మొదటిసారి జరిగింది.

పాత ఆట స్ట్రీట్ ఫైటర్ 5 కాలం నుంచే కెన్ అనే పాత్రతో ఆడుతున్న మా స్నేహితుడొకడు, ఆట కొని మూడు నెలలు కూడా కాని కుర్రాడి చేతిలో 2–0 ఓడిపోయాడు. కుర్రాడు మోడర్న్ కంట్రోల్స్‌తో ర్యూ అనే పాత్ర ఆడుతున్నాడు. మావాడు గాల్లోకి లేచిన ప్రతిసారీ షోర్యుకెన్, అంటే పైకి లేస్తూ కొట్టే పంచ్, తగిలింది. ఏడుసార్లు లేస్తే ఏడుసార్లూ. మావాడు ప్యాడ్ సోఫా మీద పెట్టేసి, "నన్ను ఓడించింది వీడు కాదు, బటన్" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకుని మూలన కూర్చున్నాడు. బిర్యానీ కూడా సరిగ్గా తినలేదు.

తెలియనివాళ్ల కోసం: క్లాసిక్ అంటే పాత పద్ధతి కంట్రోల్స్. అందులో ఆరు బటన్లు, మూడు పంచ్‌లకు, మూడు కిక్‌లకు. షోర్యుకెన్ కావాలంటే ముందుకు, కిందికి, తర్వాత ఏటవాలుగా ముందుకు తిప్పి పంచ్ కొట్టాలి. మోడర్న్‌లో ముందుకు నొక్కి స్పెషల్ బటన్ కొడితే చాలు. బదులుగా అలా వచ్చే స్పెషల్ దెబ్బకు 20 శాతం బలం తగ్గుతుంది. కొన్ని మామూలు దెబ్బలు అసలుండవు.

నా మాట సూటిగా చెబుతున్నా. మన పోటీల్లో మోడర్న్ వద్దు. నా స్నేహితుడు ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చి పదకొండు దాకా ప్రాక్టీస్ మోడ్‌లో కూర్చున్న రాత్రులు నేను చూశాను. ఆ కష్టాన్ని ఒక బటన్‌తో సమానం చేస్తే రేపు ఎవరైనా ఎందుకు కష్టపడాలి?

బెజవాడ_కాయిన్:

తమ్ముడూ, నీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

నేను ఆడటం మొదలుపెట్టింది 90ల్లో, బెజవాడలో ఒక వీడియో గేమ్ షాపులో. ఇరుకు గది, మూడు మెషీన్లు. ఒకదాంట్లో క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, మేమంతా 'ముస్తఫా' అనేవాళ్లం. పక్కదాంట్లో స్ట్రీట్ ఫైటర్ 2. దాని జాయ్‌స్టిక్ కొంచెం వదులైపోయి, కిందికి నొక్కితే గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది. షోర్యుకెన్ ఎలా వేయాలో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. తెలిసినవాడు ఎడమచేతిని చొక్కాతో కప్పుకుని ఆడేవాడు, పక్కవాడికి కనిపించకుండా. పొరపాటున ఒకసారి వచ్చేది, మళ్లీ పది కాయిన్లకు గానీ వచ్చేది కాదు. నాకు కావాలనుకున్నప్పుడు మొదటిసారి వచ్చిన రోజు, అరచేతిలో తోలు లేచి ఉంది. ఇంటికెళ్లి పప్పన్నం కలుపుకుంటుంటే కారం తగిలి చుర్రుమంది. ఆ మంట నాకిప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం.

ఈ ఆటలో ఆకర్షణే అది. చెయ్యి మాట వినదు. వినేదాకా కూర్చోవాలి. అది తీసేస్తే మిగిలేది బొమ్మలాట.

ఫ్రేమ్_లెక్క:

ఇద్దరి మీదా గౌరవంతోనే చెబుతున్నా, నాకు ఒప్పుబాటు కావట్లేదు. కాస్త లెక్క చూద్దాం.

ఆట సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, నడుస్తుంది. మనిషి కన్ను చూసి వేలు కదలడానికి సుమారు 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. ఒక జంప్ లేచి దిగడానికి 40కి పైనే. అంటే క్లాసిక్ ఆడేవాడికి కూడా చూసి, తిప్పి, కొట్టడానికి టైముంది. నేను క్లాసిక్కే ఆడతాను. నా చేతికి ఆ తిప్పుడు ఐదారు ఫ్రేముల పని. మరి నేనెందుకు తప్పుతాను? జంప్ కోసం ఎదురుచూడట్లేదు కాబట్టి. ఆ క్షణంలో నా ధ్యాస అవతలివాడి డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బ మీదో, వాడు పరుగెత్తుకొచ్చి పట్టుకుని విసిరే త్రో వేస్తాడేమో అన్నదాని మీదో ఉంటుంది. అసలు కష్టం అక్కడుంది, తిప్పడంలో కాదు.

మోడర్న్‌కు లాభం లేదని నేననను. ముందుకు నడుస్తున్నవాడు ఉన్నట్టుండి సూపర్ అనే పెద్ద దెబ్బ వేయాలంటే క్లాసిక్‌లో రెండుసార్లు పావు చక్రం తిప్పాలి. మోడర్న్‌లో అక్కర్లేదు. దూరం నుంచి హడోకెన్ (చేతుల్లోంచి విసిరే శక్తి బంతి) వేసినవాడిని చూసి సూపర్‌తో కొట్టడం మోడర్న్‌కు నిజంగా తేలిక. ఈ ఒక్క విషయంలో గైల్ అన్న బాధ నాకర్థమవుతుంది.

కానీ ఏడు జంప్‌ల సంగతి వేరు. మూడోసారి తగిలాక నాలుగోసారి ఎందుకు లేచారు? ఎదుటివాడు జంప్ కోసమే కాచుకుని కూర్చున్నాడని తెలిసిపోయింది కదా. నేల మీదే నడుస్తూ, వాడి షోర్యుకెన్ అందే దూరానికి ఒక్క అడుగు బయట ఆగితే చాలు. గాల్లోకి వాడు వేసిన దెబ్బ ఖాళీగా పోతే, వాడు కిందికి దిగేలోపు మీ కెన్‌కు మొత్తం కాంబో, అంటే వరస దెబ్బలు, దొరుకుతుంది. వాడి దెబ్బ 1000 పోయే చోట 800 పోతుంది, మీది పూర్తిగా పడుతుంది. ఈ బేరం క్లాసిక్ వైపే మొగ్గుంది.

డాలస్_చున్‌లీ:

నేను ఒంగోలు అమ్మాయిని, పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. పన్నెండేళ్లుగా చున్‌లీ అనే పాత్రతో ఆడుతున్నాను. రెండేళ్ల క్రితం కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. ఆరు బటన్ల మీద వేళ్లు గంటసేపు పరిగెత్తిస్తే రాత్రి చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకోవాలి. మోడర్న్ లేకపోతే నేను ఈ ఆట వదిలేసేదాన్ని. ఇది జాలి కోసం చెప్పట్లేదు. మీరు 'వద్దు' అన్నప్పుడు ఆ మాట ఎవరికి తగులుతుందో తెలియాలని చెబుతున్నా.

ఇంకో సంగతి. 1987లో మొదటి స్ట్రీట్ ఫైటర్ వచ్చినప్పుడు కొన్ని మెషీన్లకు ఆరు బటన్లు లేవు. పంచ్‌కొకటి, కిక్‌కొకటి, రెండు పెద్ద రబ్బరు ప్యాడ్‌లు ఉండేవి. ఎంత గట్టిగా గుద్దితే అంత బలమైన దెబ్బ. తర్వాత వాటి స్థానంలో ఆరు బటన్లు వచ్చాయి. మనం ఇవాళ 'అసలైన పద్ధతి' అంటున్న ఆరు బటన్లు కూడా ఒకప్పుడు చేతి కష్టం తగ్గించడానికి పనికొచ్చినవే.

బెజవాడ_కాయిన్:

అమ్మా, నీ చెయ్యి తొందరగా బాగుపడాలి. నీలాంటివాళ్ల గురించి నేను ఆలోచించని మాట నిజమే. నీకు ఎవరూ అడ్డు చెప్పకూడదు.

కానీ ఆ పోలిక కుదరదు. రెండు ప్యాడ్‌లు పోయి ఆరు బటన్లు వచ్చినప్పుడు ఆట పెరిగింది. ఏ దెబ్బ ఎంత బలంగా కావాలో కచ్చితంగా ఎంచుకునే వీలు వచ్చింది. మోడర్న్‌లో ఆ ఆరు పోయి దెబ్బలకు మూడే బటన్లు వచ్చినప్పుడు ఆ ఎంపిక తగ్గింది. సులువు కావడం, చిన్నబోవడం ఒకటి కాదు.

ఇంకొకటి. బ్రాలీలెగ్స్ అనే పేరుతో ఆడిన మైక్ బెగమ్ గురించి మీకందరికీ తెలిసే ఉంటుంది. పుట్టుకతోనే కీళ్లు బిగుసుకుపోయే వ్యాధి. ప్యాడ్‌ను ముఖానికి ఆనించి నోటితో ఆడేవాడు, నీ చున్‌లీతోనే. 2023లో, ఈ ఆట విడుదలకు కొద్ది నెలల ముందే పోయాడు. మోడర్న్ అనేది లేని కాలంలో ఆయన స్ట్రీట్ ఫైటర్ 4లో పెద్దపెద్దవాళ్లతో తలపడ్డాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

డాలస్_చున్‌లీ:

నాకూ జలదరిస్తుంది అన్నా. ఆయన వీడియోలు చూసే నేను చున్‌లీ ఎంచుకున్నాను. కానీ ఆయన చేసింది ప్రతి ఒక్కరికీ షరతుగా పెట్టకండి. నోటితో ఆడగలిగాడు కాబట్టి చేతులున్నవాళ్లంతా తిప్పి తీరాలి అంటే, అది ఆయనకు గౌరవం అనిపించుకోదు.

ఓరుగల్లు_టెక్కెన్:

నేను టెక్కెన్ అనే ఇంకో ఫైటింగ్ ఆట మనిషిని, అయినా ఈ గొడవ నాకు బాగా తెలిసిందే. టెక్కెన్ 8లో కూడా స్పెషల్ స్టైల్ అని ఇట్లాంటిదే పెట్టారు.

మా హనుమకొండలో ఒక పీఎస్2 షాపుండేది, గంటకు పది రూపాయలు. టెక్కెన్ 5 నడిచేది. అక్కడ ఒక రూల్: ఎడ్డీ అనే పాత్ర బంద్. ఎందుకంటే ఎడ్డీతో కిక్ బటన్లు ఎడాపెడా నొక్కినా వాడు కింద పడుతూ లేస్తూ తంతూనే ఉంటాడు, కొత్తవాళ్లు కూడా పాతవాళ్లను కొట్టేసేవాళ్లు. మాకు అవమానంగా అనిపించింది, బంద్ పెట్టించాం. ఎడ్డీతో ఆడే ఒక తమ్ముడు, తొమ్మిదో తరగతి అనుకుంటా, రెండు రోజులు వేరేవాళ్లతో ఆడి ఓడిపోయి, ఇక రాలేదు.

తర్వాతేమైందో వినండి. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్ట్‌కు పోయినం. నేను మా షాపులో నంబర్ వన్. మొదటి రౌండ్‌లోనే ఎడ్డీ తగిలాడు. ఆ తన్నుల్లో ఏది కిందికి తగులుతుందో, ఏది మధ్యలో తగులుతుందో నాకు తెలియదు. నాలుగేళ్లు నేను ఎడ్డీతో ఆడనే లేదు కదా. ఐదు నిమిషాల్లో బస్సెక్కే పరిస్థితి. మేం ఎడ్డీని ఆపినమనుకున్నం. ఆపింది మా నేర్చుకోవడాన్ని.

టెక్కెన్ ఆటగాడు, పాకిస్తాన్ వాడు అర్స్‌లాన్ యాష్‌ను చూడండి. లాహోర్ నుంచి వచ్చి 2019లో ఫైటింగ్ ఆటల పెద్ద పోటీలైన ఈవో జపాన్, అదే ఏడాది అమెరికాలో ఈవో, రెండూ గెలిచాడు. గెలిచాక ఆయన చెప్పిన మాట ఏంటంటే, మా దేశంలో నాలాంటి గట్టి ఆటగాళ్లు ఇంకా ఉన్నారని. ఒకరినొకరు కొట్టుకుంటూ, ఒకరి గుట్టు ఒకరికి చెప్పుకుంటూ పెరిగిన గుంపు అది. మీ దగ్గరికి వచ్చిన మోడర్న్ కుర్రాడిని పంపించేస్తే, రేపు బయట పోటీలో మోడర్న్ ఎదురైతే ఏం చేస్తారు? స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే క్యాప్‌కామ్ సొంత పోటీలు, ప్రో టూర్‌లోనే మోడర్న్‌కు అనుమతి ఉంది.

మోడర్న్_ర్యూ:

అన్నలకు, అక్కకు నమస్కారం. ఆ కుర్రాడిని నేనే. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఏడు జంప్‌ల గురించి చెప్పాలి. నేను ఆట కొన్న మొదటి నెల ఆన్‌లైన్‌లో అందరూ నా నెత్తి మీదకి దూకి కొట్టేవాళ్లు. బటన్ ఉంది, కానీ నొక్కేసరికి దెబ్బ పడిపోయేది. అందుకని ట్రెయినింగ్ మోడ్‌లో ఎదుటి బొమ్మకు మూడు పనులు రికార్డు చేశాను: ఒకటి జంప్, ఒకటి హడోకెన్, ఒకటి ఊరికే ముందుకు నడవడం. ఏది ఎప్పుడు వస్తుందో తెలియకుండా కలిపి నడిపించుకుని, రోజూ అరగంట ఒక్క జంప్‌కే షోర్యుకెన్ వేయడం నేర్చుకున్నాను. మొదట్లో నడిచినా వేసేసేవాడిని. హాస్టల్‌లో రూమ్మేట్ నిద్రపోతుంటే సౌండ్ లేకుండా ఆడేవాడిని, అందుకే నాకు చప్పుడు వినకుండా చూసి కొట్టడం అలవాటైంది. కెన్ అన్నతో ఆడేటప్పుడు నేను వేరే దేన్నీ చూడలేదు, భుజాలు కదిలాయా లేదా అనే చూశాను. అందుకే ఆయన త్రోలన్నీ నాకు తగిలాయి. రెండో మ్యాచ్ ఆఖరి రౌండ్‌లో నా దగ్గర కొంచెమే లైఫ్ మిగిలింది.

ఆయన్ని కించపరచాలని కాదు అన్నా. ఆయన ఆట నాకు చాలా ఇష్టం. ఆయన కార్నర్‌లో వేసే కాంబో ఎలా వేస్తారో అడుగుదామనే ఆ రోజు వచ్చాను.

మోడర్న్ వద్దంటే నేను క్లాసిక్‌తో వస్తాను. నేర్చుకుంటున్నాను కూడా. కుడివైపు చూస్తున్నప్పుడు పదికి ఆరు వస్తున్నాయి, ఎడమవైపు తిరిగితే పదికి ఒకటి.

కూకట్‌పల్లి_గైల్:

నీ పోస్ట్ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ. ఆ రోజు నువ్వు మూలన కూర్చుంటే ఇంటివాడిగా నేను పలకరించాల్సింది. పలకరించలేదు. అది నా తప్పు, సారీ.

నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. కష్టం ఒక్క తిప్పుడులోనే ఉందనుకున్నాను. నువ్వు రోజూ అరగంట చేసింది కష్టం కాదంటే నేను అబద్ధం చెప్పినట్టే. ఫ్రేమ్_లెక్క చెప్పిన సూపర్ విషయంలో మాత్రం నాకింకా మనసొప్పట్లేదు. హడోకెన్ వేసిన తప్పుకు ఒక్క నొక్కుతో సూపర్ తినడం న్యాయం అనిపించట్లేదు. అయినా దాని గురించి పోట్లాడుకుందాం, ఆడుతూ పోట్లాడుకుందాం. వచ్చే ఆదివారం మోడర్న్ ఉంటుంది.

కెన్ ఆడే మావాడికి నీ పోస్ట్ పంపాను. "త్రోలన్నీ తగిలాయంటున్నాడా? ఐదు గెలుపుల మ్యాచ్ పెట్టు" అని ఒక్క మెసేజ్ పెట్టాడు.

బెజవాడ_కాయిన్:

నా అభిప్రాయం మారలేదు. మోడర్న్‌తో మొదలుపెట్టినవాడు అక్కడే ఆగిపోతే చాలా పోగొట్టుకుంటాడు. ఇది నేను చివరిదాకా అంటాను.

కానీ ఈ కుర్రాడు ఆగేవాడు కాదు. బాబూ, మోడర్న్‌లో ఉండగానే తిప్పి వేయడం నేర్చుకో, అలా తిప్పి వేసిన స్పెషల్‌కు ఆ 20 శాతం కోత ఉండదు. కాబట్టి ఇప్పటికిప్పుడు పద్ధతి మార్చి ఆదివారం ఇబ్బంది పడకు. ఎడమవైపు తిరిగినప్పుడు రాకపోవడానికి కారణం నువ్వు బొటనవేలిని గుండ్రంగా తిప్పుతూ ఉండటం. గుండ్రం హడోకెన్‌కు. షోర్యుకెన్‌కు జెడ్ అక్షరం రాసినట్టు రాయాలి: అడ్డంగా శత్రువు వైపు, తర్వాత కిందికి, ఆఖరున ఏటవాలుగా. అక్కడే వేలు ఆపి పంచ్. కంగారుపడి పంచ్ ముందే కొట్టేస్తున్నావేమో చూసుకో. ట్రెయినింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే పెట్టుకుంటే ఏ బాణం తప్పుతోందో తెరమీదే కనిపిస్తుంది. మొదట నెమ్మదిగా, ఎడమవైపు యాభై. పడుకునే ముందు ఇంకో యాభై.

శనివారం రాత్రి బండికి నేనూ హైదరాబాద్ వస్తున్నాను. నా కోసం ఒక జాయ్‌స్టిక్ ఉంచండి.