ఉలవపాడు తోట అమ్మి కోకాపేట టవర్లో ఫ్లాటు కొనొచ్చా?

తోటబావి:
మాది ఉలవపాడు దగ్గర పల్లె. మూడెకరాల మామిడి తోట, బంగినపల్లి ఎక్కువ, గట్ల మీద సపోటా. నేను గచ్చిబౌలిలో ఉద్యోగం, చాలా ఏళ్లుగా అద్దె ఇల్లే. కోకాపేట నియోపోలిస్‌లో కడుతున్న ఒక టవర్ చూశాను. యాభై పైచిలుకు అంతస్తులు. నాకు చూపించింది 38వ అంతస్తులో 3,000 అడుగుల ఫ్లాటు, అడుగు 11 వేలు. ఇప్పటికి పన్నెండు శ్లాబులు లేచాయి, ఇంకో మూడేళ్లకు ఇస్తామంటున్నారు. రామాయపట్నం పోర్టు పనులు 2022లో మొదలైన దగ్గర్నుంచి మావైపు బేరగాళ్లు వదలడం లేదు. తోట అమ్మితే సగం డబ్బు వస్తుంది, మిగతా సగం లోను. తెలిసినవాళ్లు చెప్పండి.

చీమకుర్తి గెలాక్సీ:
కళ్లు మూసుకుని కొను తమ్ముడూ. ఆ కోకాపేటలోనే హెచ్ఎండీఏ, అదే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, పెట్టిన వేలంలో ఎకరా 2021లో 60 కోట్లకు పోయింది, 2023లో 100 కోట్లు దాటింది. నీ మామిడి తోట ఆ రేటున పెరుగుతుందా? తేనెమంచు పురుగు వస్తే ఆ ఏడాది కౌలు కూడా రాదు.

గజాల లెక్క:
ముందు ఒక్క మాట చెప్పండి. మీకు రిజిస్టర్ చేసే భూమి వాటా ఎన్ని గజాలు? యూడీఎస్ అంటారు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

రొయ్యల చెరువు:
38వ అంతస్తా! మా విడవలూరులో సెల్ టవర్ కూడా అంత ఎత్తు లేదు.

తోటబావి:
గజాల లెక్క గారూ, బ్రోచర్లో స్థలం ఐదెకరాలని ఉంది, ఫ్లాట్లు 600. గజాల సంగతి రాయలేదు.

గజాల లెక్క:
రాయరు. నేను రాస్తా చూడండి. ఎకరాకు 4,840 గజాలు, ఐదెకరాలంటే 24,200. 600 ఫ్లాట్లకు పంచితే తలా 40 గజాలు. వేలంలో పలికిన 100 కోట్ల రేటే వేసినా గజం రెండు లక్షల పైమాట, అంటే మీ భూమి విలువ 83 లక్షలు. మీరు కట్టేది 3 కోట్ల 30 లక్షలు. మిగతా దాదాపు రెండున్నర కోట్లు సిమెంటుకూ, ఇనుముకూ, బిల్డర్ లాభానికీ. మూడెకరాలు ఇచ్చి నలభై గజాలు తెచ్చుకుంటారన్నమాట. ఒంగోలులో రేకుల షెడ్డు కూడా అంతకంటే పెద్దది.

చీమకుర్తి గెలాక్సీ:
ఫ్లాటును గజాల్లో కొలిచేవాళ్లు ఇంకా ఉన్నారా? ఆ నలభై గజాల్లో వరి నాటతాడా ఏంది? ఆఫీసు దగ్గర, ఔటర్ పక్కన, కిటికీలోంచి గండిపేట కనిపిస్తుంది. అక్కడ భూమి రేటు పెరిగితే ఫ్లాటు రేటూ పెరుగుతుంది.

గజాల లెక్క:
పెరిగేది భూమి అని మీరే అన్నారు. మీకు ఉన్నది నలభై గజాలే అని నేనంటున్నా. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్కకు, పరిమితి లేదు. ముందు రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. టవర్ ఎంత పొడుగైతే వాటా అంత చిక్కిపోతుంది. నేనిది మాత్రం వదలను.

కావలి అక్క:
బాబూ, తోట ఎవరి పేరున ఉంది? మీ నాన్నగారేమన్నారు?

సింహపురి ఎక్స్‌ప్రెస్:
నాది నెల్లూరు, ఉండేది నానక్‌రామ్‌గూడలో 29వ అంతస్తు. పైనుంచి చూసినప్పుడు బాగానే ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు స్కూలు పిల్లలు, ఆఫీసువాళ్లు, పనిమనుషులు ఒకేసారి దిగుతారు. లిఫ్టు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, లోపల కాలు పెట్టే చోటుండదు, మళ్లీ మూసుకుంటుంది. గోడలు మైవాన్‌లో, అంటే అల్యూమినియం అచ్చుల్లో, పోసిన కాంక్రీటు, మేకు దిగదు. క్యాలెండర్ తగిలించాలన్నా డ్రిల్లు మిషనున్నవాడిని పిలవాలి. మెయింటెనెన్స్ అడుగుకు ఇంతని నెలనెలా కట్టాలి, లోను తీరినా అది తీరదు. కార్పెట్ ఏరియా అడగండి. మూడు వేలు అంటే లోపల కాలు పెట్టి నడిచేది రెండు వేలు దాటితే గొప్ప. శాంపిల్ ఫ్లాటులో మంచం చూసి మోసపోకండి, దాన్ని చిన్నగా చేయించి పెడతారు.

చీమకుర్తి గెలాక్సీ:
అయినా అక్కడే ఉంటున్నారు కదా? అమ్ముకుని నెల్లూరు రాలేదేం?

సింహపురి ఎక్స్‌ప్రెస్:
ఉద్యోగం ఇక్కడుంది సామీ. ఉండటానికి కొన్నాను, పెరుగుతుందని కాదు. అడిగినాయన ఏది ఎందుకు కొంటున్నాడో చెప్పలేదు, అదే తేడా.

రొయ్యల చెరువు:
భూమి భద్రం అనేవాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మా రొయ్యల చెరువు కాడికి వచ్చి కౌంటు రేటు, అదే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర, చెప్పేవాడే లేడు. కరెంటు బిల్లు, మేత బాకీ మాత్రం ఆగలేదు. అప్పుడు నాకూ ఓ ఫ్లాటుంటే అద్దె వచ్చేది కదా అనిపించింది.

గజాల లెక్క:
అద్దె ఎంత వస్తుంది? మూడు కోట్ల ముప్పై లక్షల మీద బ్యాంకు వడ్డీ ఎంత? పైగా కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ, అదే పదహారున్నర లక్షలు. ఓసీ, అంటే కట్టడం పూర్తయింది ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చిన ఇల్లు కొంటే అది సున్నా. ఫ్లోర్ రైజ్ అని పై అంతస్తుకు వేరే, కార్పస్ ఫండ్ అని నిర్వహణ నిధికి వేరే, రిజిస్ట్రేషన్ వేరే.

చీమకుర్తి గెలాక్సీ:
మీరు రెరా, అదే ఇళ్లు కొనేవాళ్లకు రక్షణగా తెచ్చిన చట్టం, సంగతి చెప్పరేం? 2016 చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఊరికే జనాన్ని భయపెడతారు.

గజాల లెక్క:
చట్టం నాకు చెప్పకండి. ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన నా రిటైర్మెంటు డబ్బుతో కొన్న స్థలం అమ్మి, మా అబ్బాయి పేరున హైదరాబాద్‌లో బుక్ చేశాం. బిల్డర్ పేరు అనవసరం. ఇప్పటికీ అక్కడ గొయ్యి ఉంది. వానొస్తే గొయ్యిలో నీళ్లు, ఎండొస్తే చుట్టూ రేకులు, రేకుల మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ. ఫోన్ చేస్తే మార్కెటింగ్ అమ్మాయి "సార్, అప్రూవల్స్ ప్రాసెస్‌లో ఉన్నాయి" అంటుంది.

చీమకుర్తి గెలాక్సీ:
రెరా నంబరు చూశారా?

గజాల లెక్క:
ప్రీలాంచ్ అన్నారు, అంటే అనుమతులు, రెరా నంబరు రాకముందే అమ్మడం. అడుగుకు రెండు వేలు తక్కువన్నారు.

చీమకుర్తి గెలాక్సీ:
అదే మరి! ప్రీలాంచ్‌లో చేతులు కాల్చుకుని, రెరా ఉన్న టవర్ను తిడితే ఎట్లా? పన్నెండు శ్లాబులు లేచాయని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. చదవరా మీరు?

గజాల లెక్క:
చదువుతాను. అంత ఉబలాటంగా వెనకేసుకొస్తున్నారంటే మీరేదో కమీషన్ ఏజెంటని కూడా చదువుకున్నాను.

చీమకుర్తి గెలాక్సీ:
మాటలు జాగ్రత్త. నేను ఏజెంటును కాను. ముప్పై ఏళ్లుగా రాయి మీద బతుకుతున్నా. ఆ టవర్ల లాబీల్లో మీరు నిలబడి ఫొటోలు దిగే నల్లరాయి, బంగారు చుక్కలది, మా చీమకుర్తి నుంచే పోతుంది. బ్లాకు కోసేటప్పుడు ఎగిరిన దుమ్ము నా కూలీల ఊపిరితిత్తుల్లో ఉంది, పాలిష్ పట్టిన స్లాబు కోకాపేటలో ఉంది. రాయి పంపితే ఒక బిల్డర్ డబ్బులివ్వలేక బిల్లు కింద ఫ్లాటు రాసిచ్చాడు. నాకొక్కడికే కాదు, టైల్సాయనకూ లిఫ్టులాయనకూ అంతే. మేమంతా ఏం చేయాలి, గోడకేసి తల కొట్టుకోవాలా?

సింహపురి ఎక్స్‌ప్రెస్:
ఓహో. ఇదా సంగతి.

రొయ్యల చెరువు:
అన్నా, అమ్మకానికి పెట్టావా?

చీమకుర్తి గెలాక్సీ:
పెడితే తప్పా? నా కష్టం అది. కోకాపేటలో రేటు నిలబడితేనే నా బిల్లు నాకొచ్చినట్టు.

గజాల లెక్క:
రిజిస్టర్ అయిందా, అలాట్‌మెంట్ లెటరేనా?

చీమకుర్తి గెలాక్సీ:
మీకు అనవసరం.

కావలి అక్క:
మగాళ్లు గజాలూ అడుగులూ కొలుచుకుంటూనే ఉన్నారు. నేనడిగిందానికి ఆ అబ్బాయి ఇంకా బదులివ్వలేదు. మళ్లీ అడుగుతున్నా. తోట ఎవరిది?

తోటబావి:
నాన్న పేరున ఉంది అక్కా. నేనొక్కడినే కొడుకుని. నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఎన్నాళ్లు చూసుకుంటాడు? ఇక్కడికి తెచ్చుకుంటాను. ఇది మా ఇంటి విషయం, నేనడిగింది ఫ్లాటు గురించి.

కావలి అక్క:
ఒక్కడినే కొడుకుని అన్నావు. ఆడపిల్లలెందరో చెప్పలేదు.

తోటబావి:
చెల్లెలు ఉంది. కందుకూరులో ఇచ్చాం. పెళ్లికి బంగారం పెట్టాం, కట్నం ఇచ్చాం. దానికేం లోటు చేయలేదు.

కావలి అక్క:
మా అన్నలూ ఇదే మాట చెప్పారు. చెరువు గట్టు కింద నాలుగెకరాలు అమ్మి మియాపూర్‌లో చెరో ఫ్లాటు కొన్నారు. నన్ను రిజిస్ట్రార్ ఆఫీసుకు పండక్కి పిలిచినట్టు పిలిచారు. చీర పెట్టారు, హోటల్లో భోజనం పెట్టించారు, కాగితం ముందు పెట్టి "ఊరికే ఫార్మాలిటీ అమ్మా" అన్నారు. సంతకం పెట్టేశాక తెలిసింది, అది హక్కు విడుదల పత్రమని. గృహప్రవేశానికి వెళ్లాను. బాల్కనీలో నిలబెట్టి ఊరంతా చూపించారు. అమ్మను మాత్రం నా దగ్గరే ఉంచారు, లిఫ్టంటే ఆమెకు భయమట.

గజాల లెక్క:
అక్కా, విషయం పక్కకు పోతోంది. ఇక్కడ ప్రశ్న టవర్ గురించి.

కావలి అక్క:
ఎక్కడికీ పోలేదు. ఆ టవర్లోకి పోయే డబ్బు ఎవరిదన్నదే మొదటి ప్రశ్న. మీరేమో పైన గజాలు లెక్కపెడుతున్నారు, కింద వాటాలు లెక్కపెట్టరు. ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా మన ఆంధ్రలో 1985లోనే వచ్చింది. దేశమంతా వచ్చింది 2005లో. కట్నమిస్తే ఆ వాటా చెల్లిపోదు. బాబూ, ఆ తోట మీ నాన్న సొంతంగా కొన్నదా, పంపకాల్లో వచ్చిందా?

తోటబావి:
పంపకాల్లో వచ్చింది. ముత్తాత నాటి తోట, నాన్న వాళ్ల అన్నదమ్ములు పంచుకున్నారు.

సింహపురి ఎక్స్‌ప్రెస్:
అయితే కొనే పార్టీనే మీ చెల్లెలి సంతకం అడుగుతుంది. పోర్టు చుట్టుపక్కల కొనేవాళ్లు లాయరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వరు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మంటారు.

తోటబావి:
దానికింకా చెప్పలేదు. నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు, మాట ఎత్తితే పైరు చూడటానికని లేచి వెళ్లిపోతాడు. ఆదివారంలోపు టోకెన్ కట్టకపోతే 38వ అంతస్తు వేరేవాళ్లకు పోతుందని సేల్స్ మేనేజర్ అంటున్నాడు.

గజాల లెక్క:
600 ఫ్లాట్లున్నాయి. 38 పోతే 37 ఉంటుంది.

కావలి అక్క:
టోకెన్ ఆపు. ఈ ఆదివారం కందుకూరు వెళ్లి చెల్లెలికి రేటెంత చెబుతున్నారో దాచకుండా చెప్పు. మూడింట ఒక వంతు, ఆమె వాటా, తీసేశాక, మీ నాన్న వాటా ఆయన చేతికిచ్చాక, నీ చేతిలో మిగిలే దాంతో ఏ అంతస్తు వస్తుందో అప్పుడు లెక్క వేసుకో.

తోటబావి:
అలా తీస్తే అడ్వాన్సుకే చాలదు అక్కా.